నా ఎనిమిది, మీ పదిహేడు

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్
5 సెప్టెంబరు 2011

అల్లుడు లింగస్వామి గారికి,

అమల నిన్న ఎల్.బి. నగర్ నుంచి వచ్చింది. మేనకోడలిగా కాక మీ తరఫు రాయబారిగా వచ్చానని గుమ్మంలోనే చెప్పింది. మీ పిహెచ్.డి. గడువు డిసెంబరు 31తో ముగుస్తుందట. బ్యాక్‌గామన్ ఆడే మీ ప్రోగ్రాము తన పాత రూపాల మీదే గెలిస్తే చాలదనీ, మరొకరు విడిగా రాసిన ప్రోగ్రాముతో వెయ్యి ఆటలు ఆడిన లెక్క ఉంటేనే గ్రంథం తీసుకుంటాననీ మీ గైడుగారు అన్నారట. లేకపోతే ఆరేళ్ళ పని పోయినట్టే కదా. నా ప్రోగ్రాము అందుకు పనికొస్తుందనుకుంటే తప్పకుండా వాడుకోండి. మామ రాసినది "మరొకరు" రాసినదవుతుందో కాదో మాత్రం గైడుగారినే అడగండి.

ఈ పాచికల ఆట నాకు మలక్‌పేట ఎక్స్ఛేంజిలో నా పై అధికారి నేర్పారు. ఆయన బదిలీ అయ్యాక ఎదురు కూర్చునేవారు లేక 1997లో ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాను. ప్రస్తుతం ఆరవ ప్రతి నడుస్తోంది. పేరు కూడా అంతే, ఆరవ ప్రతి.

ఫోనులో మాట్లాడుకుంటే సరిపోదా అని అమల అడిగింది. ముప్ఫై నాలుగేళ్ళు టెలిఫోను శాఖలో చేసినవాణ్ణి కనుక సాంకేతికమైన ఒప్పందం నేను టెలిఫోనులో చేసుకోను. రెండు ఎక్స్ఛేంజీలను కలిపేటప్పుడు అవతలి ఇంజనీరు "సరే" అంటాడు. దేనికి సరే అన్నాడో మర్నాటికి ఇద్దరికీ గుర్తుండదు. అందువల్ల మీకు తెలిసినవే అయినా కొన్ని కాగితం మీద పెడుతున్నాను.

మన రెండు ప్రోగ్రాముల మధ్య మూడోది ఒకటి మధ్యవర్తిగా ఉండాలి. పాచికలు అదే వెయ్యాలి, వంతు అదే చెప్పాలి, ఎత్తు చెల్లుతుందో లేదో అదే చూడాలి. మొదలయ్యాక వెయ్యి ఆటలూ ముగిసేదాకా మనిషి చెయ్యి పడకూడదు. మధ్యవర్తిని అమల రాస్తానంది. మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది కనుక అది నా కంప్యూటరు మీద ఉంటుంది. మీ ప్రోగ్రాము ఎల్.బి. నగర్‌లో మీ ఇంటి నుంచి బ్రాడ్‌బ్యాండు మీద ఆడుతుంది.

ఇక గడుల లెక్క. బల్ల మీద ఇరవై నాలుగు గడులు, చెరి పదిహేను కాయలు. ఇద్దరం ఎదురెదురుగా నడుస్తాం కనుక నాకు ఎనిమిదో గడి మీకు పదిహేడోది అవుతుంది. ఎవరో ఒకరు లెక్క మార్చుకోక తప్పదు. ఆ పని నేను చేస్తాను. నా ఎత్తులు మీ లెక్కలోకి మార్చే పంపుతాను. మీరు ఏమీ మార్చనక్కర్లేదు.

మా భాగం పని వారంలో సిద్ధమవుతుంది.

శుభం కోరుతూ,
బాపిరాజు


నల్లగొండ
6 సెప్టెంబరు 2011

మామయ్యగారికి నమస్కారాలు.

మీరు ఒప్పుకున్నారని అమల నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. వివరాలు ఉత్తరంలో వస్తాయని కూడా చెప్పింది. అది అందేలోగా నా వైపు సంగతులు రాయడం మంచిదనిపించింది. పదమూడో తేదీ నుంచి సకల జనుల సమ్మె మొదలవుతుంది. మా పాలిటెక్నిక్ లెక్చరర్ల శిబిరం బాధ్యత నా మీద పడింది. ఆ తరువాత నాకు కలం పట్టే తీరిక ఎంత ఉంటుందో చెప్పలేను.

నా ప్రోగ్రాముకు ఆట ఎవరూ నేర్పలేదు. తనతో తానే మూడు లక్షల ఆటలు ఆడి నేర్చుకున్నది. పెట్టిన పేరు ఈరమ్మ. అది మా అమ్మ పేరు. పచ్చీసులో మా అమ్మను గెలిచినవాళ్ళు మా వాడకట్టులో లేరు. ఈ సంగతి చెబితే, "నా పేరైతే పెట్టినవు గని, ఒక్కపారన్న నాకు సూపియ్యకపోతివి" అన్నది.

ఒక విషయం మీకు ముందే చెప్పాలి. ఈరమ్మ బల్లను ప్రతిసారీ చూడదు. ఎదుటివారి ఎత్తులు ఒక్కొక్కటే విని, తన బల్లను తానే పేర్చుకుంటుంది. కాబట్టి మీ ఎత్తుల సంఖ్యలు ఏ వైపు నుంచి లెక్కించినవో దానికి తెలియాలి. మీరు పెద్దవారు, ఇప్పుడు మీ ప్రోగ్రామును తిరగరాసే శ్రమ మీకెందుకు? మీ లెక్కలో ఉన్నవి ఉన్నట్టే పంపండి. ఇటువైపు నేను మార్చుకుంటాను.

ఇంకొక మాట. దీనికీ ఆటకూ సంబంధం లేదు. అమలకూ నాకూ పెళ్ళయి మూడేళ్ళయింది, మనం కలిసి పది మాటలకు మించి మాట్లాడుకోలేదు. ఆ పదీ మీరు నన్ను "మీరు" అనే అన్నారు. మా దిక్కు బయటివాళ్ళను అట్లా అంటారు. నువ్వు అంటే నాకు సంతోషం.

మీ
లింగస్వామి


చైతన్యపురి
24 సెప్టెంబరు 2011

అల్లుడు లింగస్వామి గారికి,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డట్టున్నాయి. అయినా ఇరువైపులా సంగతులు స్పష్టంగానే ఉన్నాయి కనుక పని ఆగలేదు.

ముందుగా "మీరు" గురించి. మా భీమవరం వైపు అల్లుణ్ణి నువ్వు అంటే పెద్దవాళ్ళు చెవి మెలిపెడతారు. మా నాన్నగారు మా అక్కయ్య భర్తను నలభై ఏళ్ళు మీరు అనే పిలిచారు, వారిద్దరూ ఒకే కంచంలో తిన్నంత స్నేహంగా ఉండేవారు. మానుకోమంటే ప్రయత్నిస్తాను కానీ నాలుక అలవాటు పడటానికి కొంత కాలం పడుతుంది.

నిన్న నలభై ఆటలు ఆడించాం. ఆర్టీసీ బస్సులు లేవు కదా, అమల కోచింగ్ సెంటర్లో లెక్కల క్లాసు ముగించుకుని ఎల్.బి. నగర్‌కు నడిచి వెళ్ళి మీ వైపు మొదలుపెట్టింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. అనుసంధానం వరకు నాకు తృప్తిగా ఉంది. ఫలితం మాత్రం ఆరవ ప్రతి ముప్ఫై ఏడు, ఈరమ్మ మూడు.

చేతికందిన కాయను ఈరమ్మ కొట్టడం లేదు. ఎవరూ లేని చోట భయపడి ఆగిపోతోంది. మూడు లక్షల ఆటలు ఆడినది ఇలా ఆడటం నాకు అర్థం కాలేదు. సమ్మె పనుల్లో మీకు దీని మీద శ్రద్ధ పెట్టే సమయం చిక్కలేదేమో. గడువు తిరిగి రాదు కనుక కాస్త ఆలోచించండి. చనువుగా చెబుతున్నాను.

మొన్న మా వీధి మొదట్లో వంటావార్పు జరిగింది. పొయ్యిలు మా గేటు ముందే పెట్టారు. ఎదురింటి రామారావు గారు ముందు రోజే విజయవాడ వెళ్ళిపోయారు, నన్ను కూడా రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. ఒకాయన బిందె పట్టుకుని వచ్చి నీళ్ళు అడిగాడు. కుళాయి చూపించాను. నా మాట విని, "ఆంధ్రోళ్ళా సార్ మీరు?" అన్నాడు. అవునన్నాను. బిందె నింపుకుంటూ, "నీళ్ళయితే గిక్కడియే గద" అన్నాడు. అరగంట తరువాత విస్తరిలో ఉప్మా తెచ్చి ఇచ్చాడు. ఉప్పు కొద్దిగా ఎక్కువైంది.

శుభం కోరుతూ,
బాపిరాజు


నల్లగొండ
1 అక్టోబరు 2011

మామయ్యగారికి నమస్కారాలు.

ఉత్తరం శిబిరంలో అందింది. రెండుసార్లు చదివాను.

ఈరమ్మ పని సమ్మెకు ఎనిమిది నెలల ముందే పూర్తయింది. పోయిన జనవరి నుంచి అందులో ఒక్క అక్షరం మారలేదు. గడుల లెక్క తప్ప నేను దానిని ముట్టుకోలేదు. కాబట్టి శిబిరంలో నేను కూర్చున్నందువల్ల అది ఓడిపోయే అవకాశం లేదు. మా మీద ఇక్కడి పత్రికలు కొన్ని రాస్తున్న మాట ఇదే. చదువులు పాడుచేసుకుంటున్నామని. ఇంటి నుంచి కూడా వస్తుందనుకోలేదు.

నలభైలో ముప్ఫై ఏడు అన్నది మామూలు తేడా కాదు. ఆట రాని మనిషి కూడా పాచికల దయ వల్ల నలభైలో ఏడెనిమిది గెలుస్తాడు. పాచికలు వేసేది మీ ఇంట్లోని కంప్యూటరు. వాటి పందేలు సమంగా పడుతున్నాయో లేదో ఎవరైనా చూశారా? ఎవరినీ అనడం లేదు, పరిశీలించమని అడుగుతున్నాను.

మా అమ్మకు ఫలితం చెప్పకుండా ఉండవలసింది. "నేను మూడా? మీ మామకు నేను మూడిస్త" అని బతుకమ్మ పేర్చడం ఆపి మరీ అన్నది. రెండు రోజులుగా గునుగు పూలు దొరకక వాడ మొత్తం తిరుగుతున్నది, అయినా కోపానికి మాత్రం తీరిక ఉంది.

గడువుకు తొంభై రోజులు ఉన్నాయి. ఈ ఫలితంతో నేను గైడుగారి గది తలుపు కూడా తట్టలేను.

లింగస్వామి


చైతన్యపురి
9 అక్టోబరు 2011

అల్లుడు లింగస్వామి గారికి,

సమ్మె గురించి నేను రాసిన వాక్యం రాయవలసినది కాదు. నాకు తెలియని చోట కారణం వెతికాను. క్షమించండి.

మీరు అడిగినట్టు మధ్యవర్తి పాచికలను అరవై వేల సార్లు వేయించి లెక్క తీశాను. ఆరు ముఖాలూ దాదాపు పదేసి వేల సార్లు పడ్డాయి. పట్టిక జతపరిచాను. పాచికల్లో దోషం లేదు.

తరువాత ఒక ఆట పూర్తి రికార్డు అచ్చు వేసి, అటకమీది పాత బల్ల దించి ఒక్కొక్క ఎత్తు చేత్తో ఆడి చూశాను. నా వైపు నేనూ, ఈరమ్మ వైపు అమలా కూర్చున్నాం. ఈరమ్మకు అందిన సంఖ్యలను మాత్రమే విని అమల వేరొక బల్ల పేర్చింది. తొమ్మిదో ఎత్తుకల్లా రెండు బల్లలకూ పోలిక లేదు. అమల తల పట్టుకుని, "మామయ్యా, ఇంతకీ గడులు ఎవరు మారుస్తున్నారు?" అంది.

ఎవరూ మార్చడం లేదు. నేను మారుస్తానని మొదటి ఉత్తరంలో రాశాను. అది అందకముందే, మీరు మారుస్తానని రాశారు. మీ ఉత్తరం చూసి, అల్లుడి మాట తీసేయడం ఎందుకని నేను మార్చే భాగం తొలగించాను. నా ఉత్తరం చూసి పెద్దవాడి మాట కాదనడం ఎందుకని మీరు మీ వైపు తొలగించారని నిన్న అమల మీకు ఫోన్ చేసి తెలుసుకుంది. నా ఎనిమిదో గడి మీకు పదిహేడు కావలసింది, ఎనిమిదిగానే వచ్చింది. నా కాయలు ఉన్న చోట ఈరమ్మకు కనబడలేదు, లేని చోట కనబడ్డాయి. ఆరవ ప్రతి మాత్రం ప్రతి ఎత్తుకూ ముందు మధ్యవర్తి దగ్గరున్న అసలు బల్లను చదువుతుంది కనుక దానికి ఇబ్బంది కలగలేదు.

చెల్లని ఎత్తులు వచ్చినప్పుడు మధ్యవర్తి ఆగి చెప్పవలసింది కదా అని నేను అడిగాను. ఆట ఆగిపోతే ఇద్దరికీ చిన్నతనంగా ఉంటుందని, చెల్లని ఎత్తు వస్తే దాని బదులు చెల్లే ఎత్తు ఏదో ఒకటి తానే వేసి ఊరుకునేలా రాసిందట అమల. ఇప్పుడు ఆ భాగం తీసివేసింది. తప్పు వస్తే ఆట ఆగుతుంది, ఎవరి తప్పో తెర మీద పడుతుంది.

ఆ నలభై ఆటలూ కొట్టివేశాను. ఇకపై మార్చే పని నాది. దీనికి మీరు జవాబుగా మరేమీ ప్రతిపాదించవద్దు. "సరే" అని మాత్రం రాయండి.

ఈరమ్మ గారికి నా నమస్కారాలు. ఆ మూడు ఆటలూ ఆవిడ కళ్ళకు గంతలతో గెలిచినవని చెప్పండి.

బాపిరాజు


నల్లగొండ
16 అక్టోబరు 2011

మామయ్యగారికి నమస్కారాలు.

సరే.

పాచికల మాట రాసినందుకు నేను కూడా క్షమాపణ చెప్పుకోవాలి. అరవై వేల పందేలు మీరు లెక్కపెట్టారని చదివినప్పుడు సిగ్గుగా అనిపించింది. అమ్మకు గంతల సంగతి చెప్పాను. "గట్ల జెప్పు మరి" అని శాంతించింది.

అమల ఫోన్‌లో చెప్పింది, మళ్ళీ మొదలయ్యాయట. కరెంటు కోతల వల్ల రోజుకు ఇరవై ముప్ఫై ఆటలకు మించి సాగడం లేదట. నడుమ లైను పోతే ఆ ఆట మాత్రం రద్దు చేసి మళ్ళీ ఆడిస్తున్నారట. అది సరైన పద్ధతే.

నిన్న గైడుగారితో మాట్లాడాను. ఈరమ్మ యాభై శాతం దాటితే బాగుంటుంది అన్నారు. దాటకపోతే ఏమిటని అడిగే ధైర్యం చేయలేదు. రైల్ రోకో జరుగుతున్నది. పట్టాల మీద కూర్చున్నప్పుడు కూడా ఆ యాభై గురించే ఆలోచించానంటే మీకు నవ్వు రావచ్చు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. మా ఇంట్లో బడి దాటి చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. డిగ్రీ రాకపోతే అడిగేవాళ్ళు ఎవరూ లేరు, కానీ ఆరేళ్ళు ఏం చేసినవని నన్ను నేనే అడుక్కోవలసి వస్తుంది.

ఈ మాటలు అమలకు చెప్పలేదు. మీకే రాస్తున్నాను.

మీ
లింగస్వామి


చైతన్యపురి
30 అక్టోబరు 2011

అల్లుడు లింగస్వామి గారికి,

దీపావళి బాగా జరిగిందని తలుస్తాను. సమ్మె ఆగింది, బస్సులు తిరుగుతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ డిపో ముందు మళ్ళీ మునుపటిలా రోడ్డు దాటడం కష్టమైంది. రామారావు గారు విజయవాడ నుంచి వచ్చారు. తాను లేనప్పుడు వీధిలో ఏం జరిగిందని అడిగారు. ఉప్మా వండారని చెప్పాను.

నిన్నటికి నాలుగు వందల ఆటలు పూర్తయ్యాయి. ఈరమ్మ 231, ఆరవ ప్రతి 169. దాదాపు యాభై ఎనిమిది శాతం. అభినందనలు. మీ విధానం నా విధానం కంటే మెరుగైనదని ఒప్పుకోవడానికి నాకు కష్టం లేదు. ఇదే తీరుగా సాగితే నవంబరు చివరికల్లా వెయ్యి పూర్తవుతాయి. గ్రంథం రాత పని మీరు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

ఆటల రికార్డు సీడీ మీద ఎక్కించి అమలకు ఇచ్చాను. వివరాలు చూడవలసిన అవసరం పెద్దగా లేదు, మొత్తాలు సరిపోతాయి.

శుభం కోరుతూ,
బాపిరాజు


నల్లగొండ
8 నవంబరు 2011

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను. తరువాత సీడీ చూశాను. చూడవలసిన అవసరం లేదని మీరు రాయకపోతే ఒకవేళ చూసేవాణ్ణి కాదేమో. మీరు ఏ పట్టికనూ చూడవద్దని చెప్పే మనిషి కారు.

మొదటి వంద ఆటల్లో ఆరవ ప్రతి 54 గెలిచింది, ఈరమ్మ 46. తరువాతి మూడు వందల్లో ఈరమ్మ 185, ఆరవ ప్రతి 115. ఒకే రెండు ప్రోగ్రాముల మధ్య ఇంత తేడా రావడం చాలా అరుదు. అయినా పాచికల వల్ల కావచ్చునని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ అమల మధ్యవర్తి ప్రతి ఎత్తుకూ పట్టిన సమయం కూడా రాసిపెడుతుంది. నూరో ఆట దాకా ఆరవ ప్రతి ఒక్కొక్క ఎత్తుకు నాలుగు సెకన్లు ఆలోచించింది. నూట ఒకటో ఆట నుంచి అర సెకను.

అమ్మకు అంకెలు చెప్పలేదు. గెలుస్తున్నామని మాత్రం చెప్పాను. ఆట తీరు చెప్పించుకుని, ఒక ఆట కాగితం మీద గీసి చూపమన్నది. చూసి, "గీయన కావాల్నని ఓడుతుండు బిడ్డా. మీ నాయన గూడ గిట్లనే ఓడేటోడు నాకు. తెల్వదనుకునేటోడు. నేను కాయలన్ని ఎత్తి అవతల పారేసేదాన్ని" అన్నది.

మామయ్యగారూ, సూటిగా అడుగుతున్నాను. ఆరవ ప్రతిని మీరు తగ్గించారా?

తగ్గించి ఉంటే ఎందుకో నాకు తెలుసు. నేను రాసిన ఉత్తరమే కారణం. కానీ ఇన్ని రోజులు శిబిరంలో కూర్చుని, మాకు ఎవరూ దయ చూపనక్కరలేదు, మా వంతు మాకు రావాలని పొద్దున్నే మైకులో చెప్పినవాణ్ణి. ఆ మనిషికి తన ఇంటి నుంచే నూట ఎనభై అయిదు ఆటలు వచ్చి పడ్డాయి. అందులో నిజంగా గెలిచినవి ఎన్నో నాకు ఇక ఎన్నటికీ తెలియదు. మొత్తం ఓడిపోయినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

జవాబు రాయండి. ఆలస్యం చేయవద్దు.

లింగస్వామి


చైతన్యపురి
11 నవంబరు 2011

లింగస్వామి గారికి,

తగ్గించాను.

ఆరవ ప్రతి మామూలుగా మూడు ఎత్తుల దూరం ముందు చూస్తుంది. అక్టోబరు 18 మధ్యాహ్నం, నూరు ఆటల ఫలితం చూసి, మీ ఉత్తరం కూడా అందాక, దాన్ని ఒక్క ఎత్తుకు కుదించాను. అమలకు చెప్పలేదు. మొదలయ్యాక మనిషి చెయ్యి పడకూడదని రాసినవాణ్ణి నేనే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క మీటరు రీడింగు కూడా దిద్దలేదు. ఇక్కడ దిద్దాను. మీకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. మీ పని తన కాళ్ళ మీద నిలబడదని నేను ముందే తీర్మానించుకున్నట్టయిందని మీ ఉత్తరం చదివేదాకా నాకు తోచలేదు.

మిగిలింది యాభై రోజులు. చేసినది ఇది. ఆరవ ప్రతిని పూర్తి బలానికి తెచ్చి, సీడీ మీద ఎక్కించి, కవరు అతికించి మీద సంతకం చేశాను. నా కంప్యూటరునూ, ఇన్వర్టరునూ నిన్న ఎల్.బి. నగర్ మీ ఇంటికి చేర్చాను. రెండు యంత్రాలనూ అక్కడే తీగతో కలిపి అమల వెయ్యి ఆటలూ మొదటి నుంచి ఆడిస్తుంది. ముగిసేదాకా నేను ఆ గదిలోకి వెళ్ళను.

కంప్యూటరు ఆటోలో పెడుతుంటే డ్రైవరు దశరథ, "టీవీ ఖరాబైందా సార్?" అని అడిగాడు. లేదు, ఆటకు వెళ్తోందన్నాను. "మరి మీరు పోరా?" అన్నాడు. నన్ను రానివ్వరని చెప్పాను. అతను అమల వైపు చూసి, "ఏం జేసిండమ్మా సారు?" అన్నాడు. అమల ఇన్వర్టరు తీగలు చుట్టి లోపల పెట్టింది. నాతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు. మీ ఉత్తరం తను కూడా చదివింది.

ఒక్కటి కోరుతున్నాను. ఆ నాలుగు వందల ఆటలను గ్రంథంలో దాచవద్దు. ఎందుకు కొట్టివేశారో, ఎవరి వల్లో పేరుతో సహా రాయండి. చదివేవారు రేపు ఈ పద్ధతిలో ప్రోగ్రాములను కలిపేటప్పుడు, పాచికలతోపాటు ప్రోగ్రాము రాసినవాణ్ణి కూడా కనిపెట్టుకుని ఉండాలని వారికి తెలియాలి.

ఫలితం ఏదైనా నాకు ఉత్తరంలోనే తెలపండి.

బాపిరాజు


నల్లగొండ
30 డిసెంబరు 2011

మామయ్యగారికి నమస్కారాలు.

మీ కంప్యూటరు రేపు దశరథ ఆటోలోనే వస్తుంది. అమల కూడా వస్తుంది. తను మాట్లాడుతుందనే నమ్మకం నాకుంది, ఎందుకంటే ఏం మాట్లాడాలో వారం నుంచి నాకు చెప్పి చూస్తున్నది.

వెయ్యి ఆటలు డిసెంబరు రెండున ముగిశాయి. ఒక్కసారి కూడా ఆగలేదు, తప్పు ఎత్తు ఒక్కటీ రాలేదు. ఆరవ ప్రతి 522. ఈరమ్మ 478.

ఈ అంకెలతో గైడుగారి దగ్గరికి వెళ్ళాను. బస్సులో రెండున్నర గంటలు ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళి, చివరికి కాగితం మాత్రం ఆయన ముందు పెట్టాను. ఆయన పదినిమిషాలు పట్టికలు చూశారు. ఎదుటి ప్రోగ్రాము ఎన్నేళ్ళ పని అని అడిగారు. పద్నాలుగేళ్ళు, ఒకే మనిషి చేత్తో దిద్దినదని చెప్పాను. ఈరమ్మ తనంత తానుగా నేర్చుకోవడానికి ఎంత సమయం పట్టిందని అడిగారు. పదకొండు రోజులన్నాను. "ఇంకేం కావాలయ్యా నీకు? కొలవమన్న గని గెలవమన్ననా నేను?" అన్నారు. యాభై దాటితే బాగుంటుందన్నారు కదా సార్ అంటే, "బాగుంటదన్న. లేకపోతే తీస్కోనన్ననా?" అని ఎదురు అడిగారు. ఆ ప్రశ్న నేను అక్టోబరులో అడగవలసింది. అడిగి ఉంటే మీకు ఆ ఉత్తరం రాసేవాణ్ణి కాదు, మీరు ఆ పని చేసేవారూ కారు. ఈ తప్పులో నా వంతు అది.

మీరు కోరినట్టే రాశాను. నూట నలభై మూడో పేజీలో రద్దయిన ఆటల పట్టిక, కారణం, మీ పేరు ఉన్నాయి. నా ఉత్తరం వల్ల ఎదుటి రచయిత ప్రభావితుడయ్యాడని కూడా చేర్చాను. కృతజ్ఞతల పేజీలో మీ పేరు ఇంకొకసారి ఉంది. అది మీరు కోరలేదు.

అమ్మకు చివరి లెక్క చెప్పాను. "నలబై నాలుగే గద తక్కువ. మల్ల ఆడుమను" అన్నది.

గ్రంథం నాలుగు ప్రతులూ నిన్న విశ్వవిద్యాలయంలో ఇచ్చాను. గడువు చివరి వారం కనుక పెద్ద వరుస ఉంది. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కిటికీ వెనుక గుమస్తా ప్రతులు లెక్కపెడుతూ, ఇది దేని మీద సార్ అని అడిగాడు. రెండు ప్రోగ్రాములు మనుషులు లేకుండా ఆడుకునే ఆట మీద అని చెప్పాను.

"మీది గెలిచిందా సార్?"

"లేదు. ఓడింది."

అతను పేజీలు తిప్పడం ఆపి నా వైపు చూశాడు.

"ఓడినంక గూడ పుస్తకం రాస్తరా?"

"రాస్తరు."

అతను ప్రతుల మీద ముద్ర వేశాడు. తరువాత రిజిస్టరు నా వైపు తిప్పి, వేలు పెట్టి చోటు చూపించి, "అయితే గీడ సంతకం పెట్టుండ్రి" అన్నాడు.

పెట్టాను.

మీ అల్లుడు
లింగస్వామి